నాలుగు గీతల ఉమ్మి

అక్షరాల్లో తప్పులు దొర్లితే దిద్దుకుని చదవండి. నేను పలక పట్టింది అరవై దాటాక, మా ఆయన పోయిన మరుసటేడు. ఒక్కో వాక్యం రాసేసరికి పొయ్యి మీద సంకటి ఉడికిపోతుంది. అందుకని ఈ కథ కాస్త నిదానంగా నడుస్తుంది. ఓపిక పట్టండి.

జెమెలి కొండ మీది ఊళ్ళో పళ్ళ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. తల్లి పేరు కొబీలో, ఆవిడ కింద లోయలో ఉండేది. ఇద్దరి ఇళ్ళకూ మధ్య రెండు గంటల నడక. కానీ వాళ్ళ మధ్య మాటలు పోయి ఏడేళ్ళయింది.

గొడవంతా రెండు పళ్ళ దగ్గర వచ్చింది. మా తరంలో పదేళ్ళు నిండేసరికి కింది వరసలో ముందు పళ్ళు రెండు తీసేసేవారు. ఆ సందుని గుమ్మం అనేవాళ్ళం. దవడ బిగుసుకుపోయే జబ్బు వస్తే పాలు పోసేది ఆ గుమ్మంలోంచే. పెద్దవాళ్ళు బిడ్డ గుండె మీద ఉమ్మి దీవిస్తే ఆ తుంపర వచ్చేదీ దానిలోంచే. జెమెలికి వాళ్ళ అవ్వే స్వయంగా తీయించింది. ఆసుపత్రిలో పనికి కుదిరాక పట్నం నుంచి వచ్చేవాళ్ళు జెమెలి నోరు చూసి, "పళ్ళ ఆసుపత్రిలో పనిచేసేదానికే పళ్ళు లేవేం?" అని నవ్వేవారు. డాక్టరు ఒడెరో జాలిపడి, తీసి పెట్టుకునే రెండు పళ్ళు చేయించి ఇచ్చాడు. అవి పెట్టుకుని ఆమె సంబరంగా తల్లి ఇంటికి వెళ్ళింది.

కొబీలో అప్పుడు వాకిట్లో సజ్జలు చెరుగుతోంది.

"ఏదీ, నవ్వు," అంది.

జెమెలి నవ్వింది.

కొబీలో చేట కింద పెట్టింది. "మీ అవ్వ తెరిచిన గుమ్మాన్ని మూసేశావు. మంచిదే. అలాగే మూసి ఉంచుకో. ఇవాళ్టి నుంచి నీ ఉమ్మి వట్టి నీళ్ళు కావాలి. నీ బిడ్డ మీద పడినా, దాని బిడ్డ మీద పడినా పనికిరాకూడదు."

అంతే. తల్లి నోట ఆ మాట వచ్చాక దాన్ని తీయగలిగేది తల్లి నోరే. ఆమే కూతుర్ని ఎదురుగా నిలబెట్టి, ఆమె గుండె మీద తన ఉమ్మి పడేలా ఉమ్మాలి. వేరే దారి లేదు. తీయకుండానే తల్లి పోతే ఆ శాపం ఇక ఎప్పటికీ పోదు.

మొదట్లో జెమెలి పట్టించుకోలేదు. "కోపంలో అంది, రెండు నెలల్లో ఆవిడే మర్చిపోతుంది," అనుకుంది. కూతురు జెసాంగ్‌కి పెళ్ళి మాటలు జరిగిన రోజున తెలిసింది అది ఎంత బరువైందో. పెద్దలంతా వరసగా పిల్లని దీవిస్తున్నారు. జెమెలి ముందుకు రాబోతే చిన్నాన్న చెసిరె చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు కాస్త వెనక నిలబడమ్మా."

"నా కూతురు చిన్నాన్నా!"

"నీ కూతురే. కాదన్నానా? మీ అమ్మ దగ్గర ఆ ముడి విప్పించుకుని రా, మొదట నిన్నే నిలబెడతాను."

ఆ రోజు జెమెలి తడికె పక్కన నిలబడి, తన బిడ్డ మీద ఊరందరి తుంపరా పడుతుంటే చూసింది. ఇక తల్లి దగ్గరకు వెళ్ళాలనే అనుకుంది. కానీ ఆవిడ కన్నా పట్టుదల ఈవిడది. నాట్లయ్యాక వెళ్దాం, కోతలయ్యాక వెళ్దాం అనుకుంటూ మరో రెండేళ్ళు గడిపేసింది.

జెసాంగ్‌కి నెల తప్పిన ఏడాదే కొబీలో నాలుక కింద పుండు లేచింది. గుమ్మానికి ఆనుకుని ఉన్న పన్ను కదలడం మొదలైంది. చెసిరె ఆవిణ్ణి గాడిద మీద కూర్చోబెట్టుకుని కొండెక్కించాడు. మా చుట్టుపక్కల పళ్ళ ఆసుపత్రి అదొక్కటే. అక్కడ ఎక్స్‌రే తీసే మనిషీ ఒక్కతే.

కొబీలో కుర్చీలో కూర్చుంది. కూతురు ఎదురుగానే ఉన్నా మరిది వైపు తిరిగి మాట్లాడింది.

"చెసిరే, ఈ పిల్ల ఏం చేస్తుందో అడుగు."

"ఫోటో తీస్తుంది వదినా."

"మొహానికా?"

"పంటికి."

"పంటికి ఫోటో దేనికి, పెళ్ళి సంబంధమేమైనా చూస్తున్నారా? అడుగు."

పక్క గదిలోంచి డాక్టరు నవ్వు వినిపించింది. జెమెలి మాత్రం నవ్వలేదు. సీసపు చొక్కా తెచ్చి తల్లి భుజాల మీద కప్పింది.

"నాకు ఇంత బరువు చొక్కా తొడిగి తను గోడ చాటుకి పోతోందేం? అంత మంచి వెలుగైతే పక్కనే నిలబడొచ్చు కదా. అడుగు చెసిరే."

"చిన్నాన్నా, నేను రోజూ ముప్పై మందికి తీస్తాను, అందుకని చాటుకి వెళ్ళాలి. ఆవిడకి ఒక్కసారేగా. ఏమీ కాదని చెప్పు," అంది జెమెలి.

కానీ ఒక్కసారితో అవలేదు. ఫిల్మును నోట్లో నిలబెట్టడానికి ఒక చిన్న ప్లాస్టిక్ కమ్మీ ఉంటుంది. దాన్ని ముందు పళ్ళతో కొరికి పట్టుకోవాలి. ఎక్కడో దూరదేశంలో, నోట్లో అన్ని పళ్ళూ ఉన్నవాళ్ళ కోసం చేసిన వస్తువు అది. కొబీలో కొరికిన ప్రతిసారీ అది గుమ్మంలోకి జారిపోయేది. ఫోటోలో పన్ను రావాల్సిన చోట పెదవి నీడ వచ్చేది. దూది కుక్కి చూసింది, గుడ్డ చుట్టి చూసింది. వాడిన ఫిల్ముల లెక్క చిట్టాలో రాయాలి గనక జెమెలికి బాగా గుర్తు. తొమ్మిదో ఫోటోకి పన్ను కుదిరింది.

డాక్టరు ఒడెరో ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. పంటి కింద దవడ ఎముకని చెదలు తిన్నట్టు నల్లటి జాడ. ఆయన నెమ్మదిగా ఫిల్ము దించి, వాతావరణం తేలిక చేద్దామని కొబీలోతో అన్నాడు: "అమ్మా, మీ వాళ్ళు రెండే తీస్తారు. సరస్సు ఒడ్డున మా నాయనమ్మకి ఆరు తీశారు."

"ఆరా!" కొబీలో నోరు తెరిచింది. "అది గుమ్మం కాదు నాయనా, సంతకి దారి."

పెద్దాసుపత్రి నుంచి వచ్చిన కాగితంలో కాన్సరు అని ఉంది. ముప్పై మూడు రోజులు వెలుగు పెట్టాలన్నారు. మా వాళ్ళు ఆ వైద్యాన్ని కాల్చడం అంటారు. జెమెలి చేసే పనిని ఫోటో అంటారు. రెండూ ఒకే జాతి కిరణాలని మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే జెమెలే చెప్పేది. కాల్పు అంటే భయపడే రోగులకు, "నేను తీసేదీ అదే వెలుగమ్మా, నాకేమైనా అయిందా?" అని ధైర్యం చెప్పేది. ఒకటి చెంచాడు నీళ్ళనీ, రెండోది వరదనీ చెప్పేది కాదు. చెప్తే భయపడతారని.

పెద్దాసుపత్రికి పంపేముందు ఒక పని మిగిలింది. వైద్యానికి ముందు నోట్లో ఉమ్మి ఎంత ఊరుతుందో కొలిచి రాయాలి. గీతలున్న చిన్న గ్లాసు ఇచ్చి, అయిదు నిమిషాల్లో ఊరినదంతా అందులో ఉమ్మమంటారు. జెమెలి గ్లాసు తెచ్చి తల్లి చేతికిచ్చింది. ఆ రోజు చెసిరె గాడిదకు గడ్డి కోసం బయటికి వెళ్ళాడు. మధ్యలో చెప్పడానికి మనిషి లేడు.

కొబీలో గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఎవరున్నారని ఉమ్మను?"

"కొలవాలమ్మా."

ఏడేళ్ళలో అది వాళ్ళ మొదటి మాట.

"గ్లాసుకెందుకే దీవెన? పక్కన మనుషులు లేరా?"

జెమెలి తలొంచుకుని గడియారం చూసింది. తల్లి హాస్యమాడుతోంది అనుకుంది. ఆవిడ ఎప్పుడూ అంతే. "త్వరగా కానీమ్మా, అయిదు నిమిషాలే," అంది.

కొబీలో ఆమెను ఒక క్షణం చూసి గ్లాసులో ఉమ్మింది. మళ్ళీ, మళ్ళీ. అయిదు నిమిషాలయ్యేసరికి నాలుగో గీత దాకా వచ్చింది. నురగ కట్టి, తేటగా ఉంది. "చూశావా, ఈ వయసులో కూడా!" అంది ఆవిడ.

అడుగుదామా అని జెమెలికి నోటిదాకా వచ్చింది. ముడి విప్పమ్మా అని రెండు మాటలు చాలు. కానీ జబ్బుపడ్డ మనిషిని ఆ మాట అడిగితే ఇక బతకవని చెప్పినట్టే. వైద్యానికి వెళ్తున్న రోజున అడిగితే మరీను. కాల్పు అయిపోయి, తిరిగొచ్చి, నాలుగు ముద్దలు తిన్నాక నిదానంగా అడగొచ్చు. ఉమ్మి ఎక్కడికి పోతుంది? డాక్టరు "నోరు ఎండుతుంది" అని చెప్పాడు నిజమే. కానీ శిక్షణలో పంతులు చెప్పింది జెమెలికి గుర్తుంది: ఎక్స్‌రే తగిలిన బుగ్గ లోపలి కణాలు కొన్ని దెబ్బతింటాయి, పది పన్నెండు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి. బుగ్గకి వచ్చినట్టే ఉమ్మి ఊటకీ వస్తాయనుకుంది.

చిట్టా తెరిచి రాసింది: కొబీలో, అయిదు నిమిషాలు, నాలుగు గీతలు. తర్వాత రోజూ చేసే పనే చేసింది. గ్లాసు కుళాయి కింద పెట్టి కడిగేసింది.

పెద్దాసుపత్రి నుంచి కొబీలో తిరిగొచ్చేసరికి మెడ చర్మం నల్లగా, బెరడు కట్టినట్టు ఉంది. నోట్లో పుళ్ళు నెలకి మానాయి. ఉమ్మి మాత్రం రాలేదు. సంకటి ముద్ద పెట్టుకుంటే ఇసుక నమిలినట్టు ఉందనేది. మాట్లాడితే నాలుక అంగిటికి అతుక్కుని టప్పుమని ఊడేది. పిల్లలు ఆ చప్పుడుని అనుకరించేవారు, ఆవిడ కసరడానికి నోరు తెరిచేలోపు మళ్ళీ టప్పుమనేది.

రెండు నెలలు చూసి జెమెలి డాక్టర్ని అడిగింది. "కొత్త కణాలు ఎప్పుడొస్తాయండి?"

ఒడెరో తలెత్తాడు. "ఏ కణాలు?"

"ఉమ్మివి. పది రోజులన్నారు."

"అది బుగ్గ పైపొర జెమెలీ. అది రాలుతుంది, మొలుస్తుంది. చెవుల కింద, దవడ కింద ఉండే గ్రంథుల కణాలు అలాంటివి కావు. ఆ మోతాదుకి అవి చచ్చిపోతాయి. మళ్ళీ మొలవవు."

"అసలేమీ రాదా?"

"కొందరికి కొంచెం వస్తుంది. మీ అమ్మకి రెండు వైపులా పెట్టారు."

ఆమె "నేను తొమ్మిదిసార్లు తీశాను," అంది.

"ఆ తొమ్మిదీ కలిపినా అక్కడ పెట్టిన ఒక్క రోజు వెలుగులో ఒక మూలకి రావు. దానికీ దీనికీ సంబంధం లేదు. నా మాట నమ్ము."

నమ్మింది. నమ్మినా, లెక్క తొమ్మిది దగ్గరే నిలిచిపోయింది.

జబ్బు మెడలోకి పాకిందని తెలిసినప్పుడు కొబీలోనే కబురు పెట్టింది. "దాన్ని రమ్మనండి. ముడి విప్పేస్తాను."

మధ్యాహ్నం ఎండలో జెమెలి కొండ దిగింది. దారిలోనే కట్టుడు పళ్ళు తీసి కొంగున ముడేసుకుంది. వాకిట్లో పీటల మీద చెసిరె, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉన్నారు. పై వరస ఇంటి పొరుగుదాన్ని, నేనూ ఉన్నాను. జెసాంగ్ ఎనిమిదో నెల పొట్టతో గుంజకి ఆనుకుని నిలబడింది. తల్లి ఎదురుగా జెమెలి మోకాళ్ళ మీద కూర్చుని గుండె మీది గుడ్డ పక్కకి జరిపింది.

కొబీలో ఆమె నోట్లోకి చూసింది. "గుమ్మం తెరిచావా?"

"తెరిచానమ్మా."

"కోపం పోయిందే నాకు. ఎప్పుడో పోయింది." టప్పుమని నాలుక ఊడింది. "కదలకు."

పెదవులు ముందుకు పెట్టింది. తూ అంది. చప్పుడు వచ్చింది. ఏమీ పడలేదు. మళ్ళీ అంది. జెమెలి గుండె మీద తల్లి ఊపిరి వెచ్చగా తగిలింది, అంతే. మూడోసారికి ఆవిడకి దగ్గు వచ్చింది.

"పుల్లటిదేదైనా పెట్టండి," అన్నారెవరో. చింతపండు తెచ్చారు. పుండు మానిన చోట మళ్ళీ మంటపుట్టి ఆవిడ కళ్ళు మూసుకుంది. నోరు తడవలేదు. సొరబుర్రలో తోడేసిన పాలు తెచ్చారు. అవి నోట్లో పోసుకుని ఉమ్మబోతే చెసిరె వద్దన్నాడు.

"వదినా, అది ఆవుది. శాపం పెట్టింది ఆవు కాదు కదా."

ఎవరూ నవ్వలేదు. జెమెలి కొంగు ముడి విప్పి, పళ్ళతో పాటు కట్టుకొచ్చిన ఒక ట్యూబు తీసింది. ఉమ్మి ఊరనివాళ్ళ కోసం డాక్టరు తెప్పించిన జిగురు మందు. "ఇది నోట్లో రాసుకుంటే తడిగా ఉంటుందమ్మా. ఉమ్మొచ్చు."

కొబీలో ట్యూబు తీసుకుని మూత వాసన చూసింది. "ఇది ఎవరి ఉమ్మి?"

"ఎవరిదీ కాదు. చేస్తారు. కొట్లో దొరుకుతుంది."

"మరి ఆ కొట్టువాణ్ణే వచ్చి దీవించమనకపోయావా?"

ఈసారి ఆడవాళ్ళు నవ్వారు. కొబీలో కూడా నవ్వబోయింది, పెదవి చిట్లింది. వేలితో తుడుచుకుని చూసుకుంది. రక్తం. రక్తంతో దీవించకూడదు. గుడ్డకి రాసేసింది.

"నువ్వు తీసిన ఫోటోలేనే ఆవిడ ఉమ్మిని తినేశాయి," అంది చెసిరె భార్య, గొంతు తగ్గించకుండానే. "తొమ్మిదంట. కన్నతల్లికి తొమ్మిదిసార్లు ఎవరైనా తీస్తారా?"

"అది చిన్న వెలుగు పిన్నీ. అక్కడ పెట్టింది..."

"రెండూ ఒకటే అని నువ్వే చెప్పావు కదమ్మా మాకు."

నిజమే. ఆ మాట జెమెలిదే.

కొబీలో చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. కూతురి గడ్డం పట్టుకుంది. "ఆ రోజు గ్లాసిచ్చినప్పుడు అన్నాను కదే. పక్కన మనుషులు లేరా అని."

జెమెలి తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. "నవ్వులాటకి అన్నావనుకున్నానమ్మా."

"ఏడేళ్ళ తర్వాత నవ్వులాటేమిటే? నువ్వు గుండె గుడ్డ తీస్తావని చూశాను. గడియారం చూశావు."

"నన్ను అడగమనొచ్చు కదమ్మా."

"నేనెలా అంటాను? అడగాల్సింది నువ్వు." తర్వాత మెల్లగా అడిగింది. "ఆ గ్లాసులోది ఏం చేశావు?"

"కడిగేశాను."

కొబీలో కూతురి గడ్డం వదిలేసింది. కోపం లేదు ఆ చేతిలో. బలం లేక జారినట్టు జారింది. జెమెలి ఏడవబోతే, "ఏడవకు, దీవెన దగ్గర కన్నీళ్ళు పడకూడదు," అంది అలవాటుగా. ఆ మాట అన్నాక ఇక్కడ దీవెనేదీ జరగడం లేదని ఆవిడకే గుర్తొచ్చింది. మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆ తర్వాత పది రోజులూ జెమెలి సెలవు పెట్టి అక్కడే ఉంది. తడి గుడ్డతో తల్లి పెదవులు అద్దేది. పొద్దున్న లేవగానే కొబీలో ముందు ఆ పనే చేసేది: కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తూ అనేది. గుండె మీద వేలు పెట్టి చూసేది, తడి తగిలిందేమోనని. పదకొండో పొద్దున ఆవిడ లేవలేదు.

మూడు వారాలకి జెసాంగ్‌కి ఆడపిల్ల పుట్టింది. కొబీలో పేరే పెట్టారు. దీవించే వేళ జెమెలిని ఎవరూ వెనక్కి జరగమనలేదు, ఆమే వెళ్ళి తడికె దగ్గర నిలబడింది. బిడ్డ గుండె మీద అమ్మమ్మ ఉమ్మాల్సిన చోట, వయసులో పెద్దదాన్నని నన్ను ఉమ్మమన్నారు. ఉమ్మాను. తల తిప్పి చూస్తే జెమెలి తన అరచేతిలో ఉమ్ముకుని దాన్ని చూసుకుంటోంది.

ఇప్పుడు ఎక్స్‌రే గదికి మా లోయ ఆడవాళ్ళెవరూ వెళ్ళరు. కన్నతల్లి ఉమ్మినే కాల్చిందట అంటారు. సంత రోజున ఒడెరో నిలబడి ఫోటో వేరు, కాల్పు వేరు అని గంటసేపు విడమరిచి చెప్పాడు. విన్నారు, గుమ్మడికాయలు కొనుక్కుని వెళ్ళిపోయారు. పన్ను పుచ్చి దవడ వాచినా ఇంట్లోనే పడుంటున్నారు. ఆ వాపుల్లో కొబీలోకి వచ్చినటువంటిది ఎవరికుందో తెలిసే దారి లేదు.

జెమెలి రోజూ పనికి వెళ్తుంది. పట్నం నుంచి వచ్చేవాళ్ళకి తీస్తుంది. ఎవరికైనా ఉమ్మి కొలవాల్సి వస్తే గ్లాసు ఇస్తుంది, గీతలు చూసి చిట్టాలో రాస్తుంది. గ్లాసు పట్టుకుని కుళాయి దాకా వెళ్ళి కాసేపు నిలబడుతుంది. ఆ గదిలో ఆ ఉమ్మి కోసం వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. తర్వాత కుళాయి తిప్పుతుంది.

కట్టుడు పళ్ళు ఆమె మళ్ళీ పెట్టుకోలేదు. గుమ్మం తెరిచే ఉంది. అందులోంచి వచ్చేవి మాత్రం వట్టి నీళ్ళే.

— టప్‌కిగెన్ చెరొగోని, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు లోయలోనే, కొబీలో ఇంటికి పై వరసలో, పెద్దకోడలి దగ్గర ఉంటున్నాను.